మారే చేబదుళ్ల నెట్‌వర్క్‌ను మోడల్ చేయడం ఎలా: పాలమూరు, నల్లగొండ ఊళ్లలో ప్రాజెక్టు చేసేవాళ్లకు

ఊళ్లో ఎవరు ఎవరిని చేబదులు అడుగుతారన్నది ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వానాకాలం విత్తనాలు కొనే రోజుల్లో ఎవరి చేతిలోనూ పైసలుండవు, అప్పుడు తొక్కే గడపలు వేరు. పత్తి అమ్ముడుపోయాక లెక్క మారుతుంది. దసరా దాటాక కొన్ని ఇళ్లకు తాళాలు పడతాయి, ఆ ఇళ్లవాళ్లు మేస్త్రీ వెంట హైదరాబాద్‌కో పుణెకో పోతారు. ఒక్కసారి సర్వే చేస్తే ఇదంతా దొరకదు. రెండు మూడు సార్లు అడగాలి, ఆ జవాబుల మధ్య కాలంలో ఏం జరిగి ఉంటుందో లెక్కగట్టాలి.

ఆ లెక్కకు స్టొకాస్టిక్ యాక్టర్ ఓరియెంటెడ్ మోడల్ అని ఒక పద్ధతి ఉంది. నెట్‌వర్క్ మార్పును నిరంతరం సాగే మార్కోవ్ ప్రక్రియగా (తర్వాతి మార్పు ఇప్పుడున్న స్థితి మీదే ఆధారపడే ప్రక్రియగా) చూడాలని హాలండ్, లైన్‌హార్ట్ అనే ఇద్దరు 1977లోనే ప్రతిపాదించారు. దాన్ని నిజమైన సర్వే డేటాకు పనికొచ్చే మోడల్‌గా మలిచింది నెదర్లాండ్స్‌కు చెందిన స్టాటిస్టిషియన్ టామ్ స్నైడర్స్. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో దొరికే ఆర్‌సియెనా అనే ప్యాకేజీ ఆ పని చేస్తుంది, పైసా ఖర్చు లేదు.

పాలమూరు యూనివర్సిటీలోనో, నల్లగొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో పీజీ చదువుతూ, తమ ఊరి మహిళా సంఘాల మీద ప్రాజెక్టు చేయాలనుకునేవాళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఆర్ కొద్దిగా తెలిస్తే చాలు. అసలు విషయం ముందే చెబుతాను: ఈ పనిలో కష్టం కంప్యూటర్ దగ్గర తక్కువ, నోట్‌బుక్ దగ్గర ఎక్కువ. మన జిల్లాల్లో మనుషులు ఊరు విడిచి వెళ్లొస్తుంటారు. వెళ్లినవాళ్లను డేటాలో ఏమని రాస్తారో దాన్నిబట్టే మీ ఫలితం నిజమవుతుంది, లేదా అబద్ధమవుతుంది.

మొదటి పని: ప్రశ్న తేల్చుకోండి

"పోయిన నెల ఎవరి దగ్గర చేబదులు తీసుకున్నారు?" అని అడిగితే మీకు వచ్చేది సంఘటనల పట్టిక. "అవసరం పడితే ఎవరిని అడుగుతారు?" అని అడిగితే వచ్చేది సంబంధం. ఈ మోడల్‌కు కావలసింది రెండోదే. ఒక బంధం ఒకసారి ఏర్పడితే, ఎవరో ఒకరు మార్చేదాకా అలాగే ఉంటుందని ఇది అనుకుంటుంది. మీ చేతిలో తేదీ, గంటతో సహా లావాదేవీల చరిత్ర ఉంటే దారి వేరు. దానికి రిలేషనల్ ఈవెంట్ మోడల్ వాడాలి, కార్టర్ బట్స్ 2008లో దాన్ని సామాజిక నెట్‌వర్క్‌లకు తీసుకొచ్చారు.

ప్రశ్నను ఊరి మాటలోనే పెట్టండి. "అక్కా, ఇంట్ల అర్జెంటుగ రెండు వేలు కావాల్సొస్తే, వడ్డీ లేకుండ, కాగితం లేకుండ ఎవర్నడుగుతరు?" వడ్డీ లేకుండా అన్న మాట వదిలేస్తే సంఘం లోను, ఫైనాన్సు వాళ్లు, వడ్డీ వ్యాపారి అందరూ ఇందులోకి వచ్చిపడతారు. మూడుసార్లూ అవే మాటలతో అడగండి. రెండో విడతలో రెండు వేలను ఐదు వేలు చేస్తే, తేడా ఊరిలో వచ్చిందో మీ ప్రశ్నలో వచ్చిందో తేల్చే దారే ఉండదు.

"ఎవరు ఇస్తారు" అని కాకుండా "ఎవరిని అడుగుతారు" అని పెట్టడానికి ఒక కారణం ఉంది. బంధం పెట్టుకోవడం, తెంచుకోవడం ఆ బంధాన్ని చెప్పిన మనిషి చేతిలో ఉంటుందని ఈ మోడల్ అనుకుంటుంది. అడగడం నిజంగానే అడిగేవాళ్ల చేతిలో ఉంది. ఇవ్వడం ఇచ్చేవాళ్ల చేతిలో ఉంది. పైసలు ముట్టడానికి ఇద్దరూ ఒప్పుకోవాలి కాబట్టి అది మామూలు మోడల్‌లో ఇమడదు.

"ముగ్గురి పేర్లు చెప్పండి" అనకండి. ముగ్గురే అంటే ప్రతి ఒక్కరూ ముగ్గురినే చెబుతారు. ఎక్కువమందిని అడగగలిగే మనిషికీ ఎవరూ లేని మనిషికీ తేడా అక్కడే మాయమవుతుంది. సభ్యుల పట్టికను వాడల వారీగా రాసుకుని, ఒక్కో పేరు చదివి వినిపించండి. టైం పడుతుంది, ఓపిక పట్టండి. మనసులోంచి చెప్పమంటే దగ్గరివాళ్ల పేర్లు మరిచిపోవడం చాలా మామూలు.

హద్దు ఎక్కడ గీయాలి

అరవై నుంచి వంద మంది దాకా ఉన్న నెట్‌వర్క్ ఈ మోడల్‌కు హాయిగా ఉంటుంది. ఒక గ్రామ సంఘం కింద పది పదిహేను మంది చొప్పున ఆరేడు పొదుపు సంఘాలుంటే సంఖ్య సరిగ్గా సరిపోతుంది, సభ్యుల పట్టిక కూడా వీఓఏ (గ్రామ సంఘం లెక్కలు రాసే మనిషి) దగ్గర రెడీగా దొరుకుతుంది.

పంచాయతీ హద్దును మాత్రం కళ్లు మూసుకుని తీసుకోకండి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు విడి పంచాయతీలయ్యాయి. దేవరకొండ వైపు ఇది మరీ ఎక్కువ. కాగితం మీద ఊరు, తండా వేరైనా పత్తి ఏరే గుంపులో కలిసి పోయేవాళ్లు, ఒకే కిరాణా కొట్టులో ఖాతా పెట్టేవాళ్లు ఒకరినొకరు అడుగుతూనే ఉంటారు. ముందు ఒక పదిమందితో మాట్లాడి పైసలు ఎంతదూరం తిరుగుతున్నాయో చూసి, తర్వాత గీత గీయండి. అలాగే 2016లో జిల్లాలు విడిపోయాక మండలాల జిల్లా పేర్లు మారాయి. పాత రికార్డులతో పోల్చేటప్పుడు అది చూసుకోండి.

ఆడవాళ్లు చాలామంది మొదట చెప్పే పేరు తల్లిగారింటిదే. అది మీ హద్దు బయట ఉంటుంది. నెట్‌వర్క్‌లో కలపలేరు, అలాగని పారేయకూడదు. "ఊరి బయట అడగగలిగే ఇళ్లు ఎన్ని" అని ఒక్కో మనిషికి ఒక అంకె రాసుకుంటే తర్వాత వివరణ చరాంశంగా (బంధాల మార్పును వివరించడానికి మోడల్‌లో పెట్టే లక్షణంగా) పనికొస్తుంది.

ఎప్పుడెప్పుడు అడగాలి

జూన్ మొదట్లో, విత్తనాల ముందు ఒకసారి. పత్తి చేతికొచ్చే నవంబర్, డిసెంబర్‌లో రెండోసారి. యాసంగి వరి కోతలయ్యే ఏప్రిల్‌లో మూడోసారి. మధ్య వ్యవధి సమానంగా లేకపోయినా ఫరవాలేదు, ప్రతి వ్యవధికీ మోడల్ విడిగా ఒక రేటు (మార్పుకు అవకాశం ఎంత తరచుగా వస్తుందో) లెక్కిస్తుంది. ఒక విడత సర్వేను మాత్రం రెండు వారాల్లోపు ముగించండి.

పేర్లు, అంకెలు

నల్లగొండ జిల్లాలో ఏ ఊళ్లో పేర్లు రాసినా యాదమ్మలు, లక్ష్మమ్మలు, యాదయ్యలు వరసగా వస్తారు. "యాదమ్మ" అని మాత్రమే రాసుకుంటే మూడో విడతలో ఆమె ఎవరో మీకే తెలియదు. ఇంటిపేరు, భర్త లేదా అత్త పేరు, వాడ, సంఘం పేరు కలిపి ప్రతి మనిషికీ ఒక అంకె ఇవ్వండి. ఆ అంకె మూడు విడతల్లోనూ మారకూడదు. పేర్లున్న పుస్తకం వేరు, జవాబులున్న పుస్తకం వేరు. ఒక్క మనిషికి అంకె తారుమారైతే ఆమె బంధాలన్నీ ఒకేసారి తెగి కొత్తవి పుట్టినట్టు మోడల్ చూస్తుంది.

ముందే అనుమతి అడగండి. అప్పుల సంగతి చెప్పడం ఇష్టంలేని మనిషిని బతిమాలకండి.

కులం రాసుకోవాలా అని చాలామంది తటపటాయిస్తారు. రాసుకోవాలనే నేను అంటాను. మన ఊళ్లలో వాడ, కులం చాలావరకు కలిసే ఉంటాయి. కులం మోడల్‌లో లేకపోతే దాని బరువంతా వాడ మీద, లేదా "స్నేహితుల స్నేహితులు" అనే ప్రభావం మీద పడుతుంది. చివరికి కులాన్నే కొలిచి, దానికి పొరుగుతనం అని పేరు పెట్టినవాళ్లమవుతాం.

వెళ్లినవాళ్లను ఏమని రాయాలి

ఇక్కడ తొందరపడకండి.

డేటా ఒక చదరపు పట్టిక. 80 మంది ఉంటే 80 వరసలు, 80 నిలువులు. వరసలోని మనిషి నిలువులోని మనిషిని అడుగుతానంటే 1, అడగనంటే 0. నవంబర్‌లో మీరు వెళ్లేసరికి తొమ్మిది ఇళ్లకు తాళాలున్నాయనుకుందాం. ఆ తొమ్మిది వరసల్లో ఏం రాస్తారు? చేయి సహజంగా 0 వైపే పోతుంది. 0 అంటే "ఆమె ఎవరినీ అడగనని నిర్ణయించుకుంది" అని మోడల్ చదువుకుంటుంది. ఆమె పేరు చెప్పడం మానేసినవాళ్లు ఆమెను వదిలేశారని చదువుకుంటుంది. మార్పుల రేటు ఉన్నదానికన్నా పెరుగుతుంది. వలస ఇల్లా కాదా అనే చరాంశం కూడా మోడల్‌లో ఉంటే, వలస పోయేవాళ్లను ఊరు దూరం పెడుతోందని ఫలితం వస్తుంది. బతుకుదెరువు కోసం పోయిన మనుషుల గురించి అలాంటి మాట రాయడం తప్పు, అదీ డేటా నింపడంలో జరిగిన పొరపాటు వల్ల. కాబట్టి వెళ్లినవాళ్లను ఒక్కొక్కరినీ విడిగా చూడండి. వాళ్లలో మూడు రకాలుంటారు, ఒక్కో రకానికి ఒక్కో దారి.

కొందరు పుణెలో సైటు మీద ఉండి కూడా ఊళ్లో వాళ్లతో ఫోన్‌లో మాట్లాడుతుంటారు, యూపీఐలో వెయ్యి రెండువేలు వేయించుకుంటారు, పంపుతారు. వీళ్లు ఊళ్లో లేరు గానీ నెట్‌వర్క్‌లో ఉన్నారు. వీళ్లకు ఫోన్ చేసి అదే ప్రశ్న అడగండి. జూన్‌లోనే నంబర్ తీసుకుని "దసరా తర్వాత ఫోన్ చేయొచ్చా అక్కా?" అని అడిగి పెట్టుకుంటే ఇది సాధ్యమే. పని దిగాక రాత్రిపూట చేయాలి. మూడు దారుల్లో నా ఓటు దీనికే.

ఇంకొందరు ఉగాది నాటికి తిరిగొస్తారు గానీ ఇప్పుడు దొరకరు. వాళ్ల వరసను మిస్సింగ్‌గా, అంటే జవాబు తెలియదని పెట్టండి. ఇతరులు వాళ్ల గురించి చెప్పిన జవాబు మాత్రం ఉంచండి, నిలువును చెరపకండి. ఒక విడతలో మిస్సింగ్ పది శాతంలోపు ఉంటే పెద్ద ఇబ్బంది లేదు, ఇరవై దాటితే ఫలితాన్ని నమ్మడం కష్టం.

మూడో రకం నిజంగా వెళ్లిపోయినవాళ్లు: హైదరాబాద్‌లో స్థిరపడినవాళ్లు, చనిపోయినవాళ్లు. బంధం ఉండే అవకాశమే లేదని చెప్పడానికి ఆర్‌సియెనాలో 10 అనే అంకె ఉంది. 0 కాదు, 10. దీన్ని స్ట్రక్చరల్ జీరో అంటారు. వెళ్లిన తేదీ తెలిస్తే ఇంకా మంచి దారి ఉంది: ఎవరు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా నెట్‌వర్క్‌లో ఉన్నారో ఒక జాబితాగా ఇచ్చే కంపోజిషన్ చేంజ్ పద్ధతి. హూయిస్‌మన్, స్నైడర్స్ 2003లో దాన్ని వివరించారు. కొత్తగా ఊరికి వచ్చిన కోడళ్లకూ ఇదే.

ఈ జాబితా వల్ల మన దగ్గర ఇంకో లాభం ఉంది. ఒక్కో క్షణంలో ఒక్కరే, ఒక్క బంధాన్నే మారుస్తారన్నది ఈ మోడల్ పునాది. మేస్త్రీ అడ్వాన్సు తీసుకున్న ఆరు ఇళ్లు ఒకే రాత్రి లారీ ఎక్కితే అది ఆ పునాదికి సరిపడదు. ఆ వెళ్లడాన్ని బయటి నుంచి వచ్చిన మార్పుగా జాబితాలో పెడితే, బంధాల మార్పును మాత్రమే మోడల్ వివరించాల్సి ఉంటుంది.

రన్ చేసే ముందు చూసుకోవాల్సిన అంకె

రెండు విడతల మధ్య నెట్‌వర్క్ ఎంత నిలబడిందో జకార్డ్ సూచిక చెబుతుంది. ఉదాహరణకు జూన్‌లో 240 బంధాలు, నవంబర్‌లో 250 ఉన్నాయనుకోండి. వాటిలో 150 రెండుసార్లూ ఉన్నవి, 90 పోయినవి, 100 కొత్తవి. 150ని మొత్తం 340తో భాగిస్తే 0.44. ఇది 0.3 పైన ఉంటే నిశ్చింత. 0.2 కిందికి పోతే విడతల మధ్య వ్యవధి ఎక్కువైందని, లేదా అంకెలు కలగలిశాయని అనుమానించి నోట్‌బుక్ మళ్లీ తెరవండి.

మోడల్ లోపల జరిగేది

ప్రతి మనిషికీ అప్పుడప్పుడు తన బంధాలను తిరిగి చూసుకునే అవకాశం వస్తుంది. ఎంత తరచుగా వస్తుందో రేటు చెబుతుంది. రేటు 6 అంటే ఆ వ్యవధిలో సగటున ఆరు అవకాశాలని అర్థం, ఆరు మార్పులని కాదు. చూసుకుని ఏమీ మార్చకపోవచ్చు. అవకాశం వచ్చినప్పుడు కొత్తగా ఒకరిని కలుపుకోవడం, ఉన్న ఒకరిని వదలడం, ఊరకుండటం, వీటిలో ఒకటి జరుగుతుంది. ఏది జరిగే సంభావ్యత ఎంతో ఇవాల్యుయేషన్ ఫంక్షన్ (ఆ మనిషికి ఒక్కో మార్పు ఎంత నచ్చుతుందో కొలిచే సూత్రం) నిర్ణయిస్తుంది.

అంకెలతో చూద్దాం. బంధాల సంఖ్య గుణకం (ఆ ప్రభావానికి మోడల్ ఇచ్చే బరువు) −2, పరస్పరత (నన్ను అడిగేవాళ్లను నేనూ అడగడం) గుణకం 1.8 అనుకోండి. ఒకావిడ ముందు ఇద్దరున్నారు. మొదటామె ఈమె పేరు ఎప్పుడూ చెప్పలేదు, ఆమెను కలుపుకుంటే విలువ −2. రెండో ఆమె ఇప్పటికే ఈమెను అడుగుతానని చెప్పింది, ఆమెను కలుపుకుంటే −2 + 1.8 = −0.2. ఈ విలువలను ఎక్స్‌పొనెన్షియల్‌గా మార్చి పోలిస్తే రెండో ఆమె వైపు మొగ్గే అవకాశం మొదటామె కన్నా దాదాపు 6 రెట్లు. ఫలితాల పట్టికలో ప్రతి గుణకాన్నీ ఇలాగే, మిగతావన్నీ సమానమనుకుని చదవాలి. బంధాల సంఖ్య గుణకం మైనస్‌లో రావడం చూసి కంగారు పడకండి. ఎవరూ అందరినీ అడగరు కాబట్టి అది అలాగే వస్తుంది.

ఈ గుణకాలను సాఫ్ట్‌వేర్ సిమ్యులేషన్ ద్వారా వెతుకుతుంది. జూన్ నెట్‌వర్క్ నుంచి మొదలుపెట్టి నవంబర్ దాకా ఊహాత్మకంగా నడిపిస్తుంది. వచ్చిన బంధాల సంఖ్య, పరస్పర జంటల సంఖ్య లాంటివి మీ అసలు నవంబర్ డేటాతో సరిపోలేదాకా గుణకాలను సర్దుతుంది.

రన్ చేయడం

సొంత డేటా కన్నా ముందు ప్యాకేజీతో వచ్చే నమూనా డేటా మీద చేయి తిప్పుకోండి. స్కాట్లండ్‌లోని ఒక స్కూల్లో 1995 నుంచి 1997 దాకా మూడు విడతల్లో సేకరించిన స్నేహాల డేటా అది, 50 మంది అమ్మాయిలది.

మీ మోడల్‌ను చిన్నగా మొదలుపెట్టండి. బంధాల సంఖ్య, పరస్పరత, ముక్కోణ బంధాలు. నేను అడిగే మనిషి ఎవరిని అడుగుతుందో నేనూ ఆమెను అడగడమే ముక్కోణం, దానికి జీడబ్ల్యూఈఎస్‌పీ అనే రూపం (మధ్యలో ఉమ్మడి మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరి బరువు తగ్గించి లెక్కించేది) సాధారణంగా బాగా కుదురుతుంది. అది నిలబడ్డాక, ఇప్పటికే చాలామంది అడిగే మనిషినే ఇంకొందరు అడగడం, అంటే ఇన్‌డిగ్రీ పాపులారిటీ. ఆ తర్వాత ఒకే సంఘం, ఒకే వాడ, ఒకే కులం. చివరగా నెలనెలా జీతం వచ్చే ఇళ్లు: అంగన్‌వాడీ టీచర్, సర్కారు నౌకరీ ఉన్న ఇల్లు. వీళ్లను ఎక్కువమంది అడుగుతారన్నది ఆల్టర్ ఎఫెక్ట్‌గా (అవతలి మనిషి లక్షణం చూపే ప్రభావంగా) పెట్టాలి. ఇది పెట్టకుండా పాపులారిటీ గురించి మాట్లాడితే జీతాన్ని పలుకుబడి అనుకుంటాం.

రన్ అయ్యాక మొదట గుణకాలను చూడకండి. కన్వర్జెన్స్ చూడండి, అంటే సిమ్యులేషన్ మీ డేటాతో సరిపోలే దగ్గర లెక్క స్థిరపడిందా అని. ప్రతి గుణకానికీ కన్వర్జెన్స్ టీ నిష్పత్తి ప్లస్‌లో ఉన్నా మైనస్‌లో ఉన్నా 0.1 లోపు, మొత్తానికి ఇచ్చే గరిష్ఠ నిష్పత్తి 0.25 లోపు ఉండాలి. లేకపోతే వచ్చిన జవాబునే ప్రారంభ విలువలుగా ఇచ్చి మళ్లీ నడపండి. నాలుగైదు సార్లు నడిపినా దిగకపోతే మోడల్‌లో ఏదో ఎక్కువైంది, ఒక ప్రభావాన్ని తీసేయండి. చివరి రన్‌లో మూడో దశ (కన్వర్జెన్స్, స్టాండర్డ్ ఎర్రర్ లెక్కించే దశ) సిమ్యులేషన్లను 3000కు పెంచి, సీడ్ నంబర్ (అదే ఫలితాన్ని మళ్లీ రప్పించే అంకె) రాసిపెట్టుకోండి.

ఆ తర్వాత గుడ్‌నెస్ ఆఫ్ ఫిట్. మోడల్ పుట్టించిన ఊళ్లు మీ ఊరిలా ఉన్నాయా? ఎంతమందిని ఎంతమంది అడుగుతున్నారు, ముగ్గురేసి మనుషుల మధ్య ఏ ఆకారాలు ఎన్ని ఉన్నాయి అన్నవి పోల్చండి. పీ విలువ 0.05 కన్నా పైన ఉంటే ఆ లక్షణాన్ని మోడల్ పట్టుకున్నట్టు. మామూలుగా పీ విలువ తక్కువ రావాలని చూస్తాం, ఇక్కడ ఎక్కువ రావాలి.

సీజన్ తేడా కూడా పరీక్షించండి. విత్తనాల నుంచి పత్తి దాకా ఉన్న పరస్పరత, పత్తి నుంచి కోతల దాకా అలాగే ఉందా? టైం టెస్ట్ అనే పరీక్ష ఆర్‌సియెనాలోనే ఉంది. మన ప్రాంతంలో రెండు వ్యవధులూ ఒకటే అని అనుకుని ముందుకుపోవడం నాకు సమ్మతం కాదు.

పోలికా, ప్రభావమా

యూపీఐ వాడేవాళ్లు యూపీఐ వాడేవాళ్లనే అడుగుతున్నారా, లేక తాము అడిగేవాళ్లు వాడటం చూసి తామూ నేర్చుకుంటున్నారా? ఒక్క సర్వేలో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. విడతల డేటాతో రెండింటినీ ఒకే మోడల్‌లో పెట్టి విడదీయవచ్చు. స్టెగ్లిచ్, స్నైడర్స్, పియర్సన్ 2010లో ఈ పద్ధతిని వివరంగా చూపించారు. వాడకాన్ని చిన్న అంకెల్లో రాయండి: అసలు వాడరు 1, పిల్లలతో చేయిస్తారు 2, సొంతంగా వాడతారు 3. ఎనభై మందితో, మూడు విడతలతో ప్రభావాన్ని తేల్చిచెప్పడం కష్టం. మీ క్లాసులో ఇద్దరు ముగ్గురు కలిసి పక్కపక్క ఊళ్లలో ఒకే ప్రశ్నలతో చేసి, డేటాను కలిపి విశ్లేషిస్తే బలం వస్తుంది.

బంధాలు పుట్టడానికి కారణాలు వేరు, నిలవడానికి కారణాలు వేరు అన్నదే మీ ప్రధాన ప్రశ్నయితే, క్రివిట్‌స్కీ, హ్యాండ్‌కాక్ 2014లో ఇచ్చిన సెపరబుల్ టెంపొరల్ ఈఆర్‌జీఎం (ఎక్స్‌పొనెన్షియల్ రాండమ్ గ్రాఫ్ మోడల్‌లో కాలంతో మారే రూపం) చూడండి. అది ఆ రెండింటికీ విడివిడిగా గుణకాలిస్తుంది.

రిపోర్టులో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

నెట్‌వర్క్ బొమ్మ పెట్టకండి. పేర్లు తీసేసినా, ఇరవై బాణాలు వచ్చి చేరే చుక్క ఎవరో ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరి దగ్గర పైసలున్నాయో, ఎవరికి అడిగే దిక్కే లేదో చూపించే పటం అది. ఫైనాన్సు ఏజెంటు చేతిలో పడితే రెండు రకాల మనుషులకూ చెరుపే. వాడల రంగులతో వేస్తే ఇంకా సులువుగా దొరికిపోతారు. ప్రాజెక్టు అయిపోయాక పేర్ల పుస్తకాన్ని కాల్చేయండి.

సంఘం మీటింగ్‌లో చెప్పేటప్పుడు మొత్తాలే చెప్పండి: ఏ సీజన్‌లో అడిగే ఇళ్లు తగ్గాయి, సంఘాల మధ్య బంధాలు పెరిగాయా తగ్గాయా. కాలేజీకి ఇచ్చే పట్టికలో ప్రతి గుణకం, దాని స్టాండర్డ్ ఎర్రర్, కన్వర్జెన్స్ నిష్పత్తులు, జకార్డ్ విలువలు ఉండాలి. దాని కిందే ఇంకో చిన్న పట్టిక పెట్టండి: ప్రతి విడతలో ఊళ్లో లేనివాళ్లు ఎంతమంది, వాళ్లలో ఫోన్‌లో దొరికింది ఎంతమంది, మిస్సింగ్‌గా రాసింది ఎంతమంది, 10గా రాసింది ఎంతమంది.